మందు గుమ్మం దాకానే వెళ్లింది!

2001 ఏప్రిల్. అమెరికాలోని శాన్‌డియాగోలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. అల్జీమర్స్ తొలిదశలో ఉన్న ఓ మహిళ పుర్రెకు రంధ్రం చేసి, సన్నటి సూదితో మెదడు లోపలికి కొన్ని కణాలను పంపారు వైద్యులు. అవి ఆమెవే. చర్మం నుంచి చిన్నముక్క తీసి, అందులోని కణాలకు ఒక జన్యువును అదనంగా చేర్చి, ప్రయోగశాలలో పెంచినవి. అల్జీమర్స్‌కి జన్యుచికిత్స చేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. దాని వెనకున్న శాస్త్రవేత్త డాక్టర్ మార్క్ టుజిన్‌స్కీ.

ఇంతకీ ఏమిటా జన్యువు? దాని కథ ఇటలీలో ఓ పడగ్గదిలో మొదలైంది. ముసోలినీ ప్రభుత్వం యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొడితే రీటా లెవీ-మోంటాల్చినీ అనే యువ వైద్యురాలు ట్యూరిన్‌లోని తన గదినే ప్రయోగశాల చేసుకుంది. కోడిగుడ్లు తెచ్చుకుని, వాటిలోని పిండాల్లో నరాలు ఎలా పెరుగుతున్నాయో చూస్తూ కూర్చుంది. యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి, నాడీకణాలను బతికించి పెంచే ఓ ప్రొటీన్‌ ఉందని తేల్చింది. దాని పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్... పొట్టిగా ఎన్‌జీఎఫ్. ఆమెకూ, ఆ ప్రొటీన్‌ని విడదీసి చూపిన స్టాన్లీ కోహెన్‌కూ 1986లో నోబెల్ వచ్చింది.

అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే వాటిల్లో మెదడు అడుగుభాగాన ఉండే ఓ చిన్న కణాల గుంపు ఒకటి. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్‌ను మెదడంతటికీ పంచేది అదే. (డాక్టర్లు రాసే డోనెపెజిల్ మాత్ర చేసే పనల్లా, ఉన్న ఆ కాస్త ఎసిటైల్‌కోలిన్‌ త్వరగా విరిగిపోకుండా చూడటం.) ఆ కణాలకు ఎన్‌జీఎఫ్ అందిస్తే నిలబడతాయి. జంతువుల్లో అది రుజువైంది కూడా. మరి ఇంజక్షన్ ఇచ్చేయొచ్చుగా? కుదరదు. రక్తంలోంచి మెదడులోకి దాటలేనంత పెద్ద ప్రొటీన్ అది. 1990ల్లో స్వీడన్‌లో ముగ్గురు రోగులకు మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే ఎక్కించి చూశారు. వెన్నునొప్పి, బరువు తగ్గడం మొదలయ్యాయి. అందుకే ఈ ఆలోచన... ప్రొటీన్‌ని బయటినుంచి పంపే బదులు, దాన్ని తయారుచేసే జన్యువునే సరిగ్గా ఆ చోట పెట్టేస్తే?

మొత్తం ఎనిమిది మందికి చేశారు. మొదట్లో పూర్తి మత్తు ఇవ్వలేదు. ఇద్దరు రోగులు ఆపరేషన్ మధ్యలో కదలడంతో మెదడులో రక్తస్రావమైంది. వారిలో ఒకరు కొన్ని వారాలకు చనిపోయారు. మిగతావారికి పూర్తి మత్తు ఇచ్చి చేశారు. 2005లో వెలువడిన ఫలితాల్లో జబ్బు ముదిరే వేగం కాస్త తగ్గినట్టు కనిపించింది. పత్రికలు సంబరపడ్డాయి. కానీ పోల్చి చూడటానికి చికిత్స పొందనివారు అందులో లేరు. అసలు పరీక్ష ఆ తరువాతే జరిగింది.

ఈసారి చర్మకణాలకు బదులు, జబ్బు చేయని ఓ వైరస్‌లో జన్యువును పెట్టి పంపారు. 49 మంది రోగులు. దాదాపు సగం మందికే నిజమైన చికిత్స. మిగతావారికి పుర్రె మీద గాటు పెట్టి, లోపలికి ఏమీ పంపకుండా మూసేశారు. ఎవరికి ఏది చేశారో వాళ్లకూ తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఈ షరతుకు ఒప్పుకునే వచ్చారు వాళ్లంతా. తన వంతు వస్తుందో రాదో తెలియకుండా తలను అప్పగించడం చిన్న విషయమేమీ కాదు! రెండేళ్లు గమనించారు. 2018లో ప్రచురించిన ఫలితం ఒక్క ముక్కలో చెప్పాలంటే... ప్రమాదం లేదు, ప్రయోజనమూ లేదు.

కథ అక్కడితో అయిపోవాల్సిందే. కానీ రోగుల్లో కొందరు చనిపోయాక వారి మెదళ్లను పరిశోధనకు ఇచ్చారు కుటుంబసభ్యులు. (మనకూ బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి ఇలాంటి మెదడు బ్యాంకు ఉంది.) వాటిని పలుచగా కోసి చూసిన టుజిన్‌స్కీ బృందం 2020లో ఓ సంగతి బయటపెట్టింది. జన్యువు ఏడేళ్ల తరువాత కూడా ఎన్‌జీఎఫ్‌ని తయారుచేస్తూనే ఉంది! కాకపోతే సూది దిగిన చోటే. అక్కణ్నుంచి అది అసలు చేరాల్సిన కణాల దాకా పాకలేదు. అంటే ఆ మందు పనిచేస్తుందా, చేయదా అన్న ప్రశ్నకు 49 మంది తలలు అప్పగించినా జవాబు రాలేదన్నమాట. ఆ కుటుంబాలు మెదళ్లు ఇవ్వకపోతే, ‘విఫలం’ అని రాసి ఫైలు మూసేసేవారు.

ఇప్పటిదాకా అల్జీమర్స్‌కి అనుమతి పొందిన జన్యుచికిత్స ఏదీ లేదు. ఎవరైనా ఉందని డబ్బు అడిగితే నమ్మకండి. ప్రయోగాలు మాత్రం సాగుతున్నాయి. జబ్బు ముప్పు పెంచే ఏపీఓఈ4 జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవారికి, రక్షణనిచ్చే ఏపీఓఈ2ను అందించే ప్రయత్నం వాటిలో ఒకటి. టుజిన్‌స్కీ బృందం బీడీఎన్‌ఎఫ్ అనే మరో ప్రొటీన్ వైపు మళ్లింది. 2021లో ప్రకటించిన ఆ పరీక్ష 12 మందికి ఉద్దేశించింది. పాత దెబ్బ గుర్తుంది కనుక, ఈసారి సూదిని ఎమ్మారై చూస్తూ దించాలని నిర్ణయించారు. మందు ఎంత దూరం పాకిందో ఆపరేషన్ జరుగుతుండగానే తెర మీద కనిపిస్తుంది.