కొడుకును చంపింది తండ్రేనా?

1761 అక్టోబరు 13. ఫ్రాన్స్‌లోని టులూజ్ పట్టణం. బట్టల వ్యాపారి జాన్ కలాస్ ఇంట్లో రాత్రి భోజనాలయ్యాయి. కాసేపు కబుర్లు చెప్పుకున్నాక, అతిథిని సాగనంపడానికి ఓ కొడుకు దీపం పట్టుకుని కిందికి దిగాడు. మరుక్షణమే పెద్ద కేక! కింది అంతస్తులోని దుకాణంలో పెద్దన్న మార్క్ ఆంత్వాన్ శవం. వయసు 28 ఏళ్లు.

క్షణాల్లో వీధంతా జనం. 'మతం మారతానన్నాడని తండ్రే చంపేశాడు' అని గుంపులోంచి ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలీదు. ఎలా తెలిసిందో అంతకన్నా తెలీదు. కానీ ఆ ఒక్క మాట ఓ నిండు ప్రాణాన్ని తీసింది. అక్కడితో ఆగకుండా, తర్వాత పాతికేళ్లలో యూరప్ చట్టాలనే కదిలించింది.

పుకారే సాక్ష్యం!

కలాస్‌లది ప్రొటెస్టెంటు కుటుంబం. 1685లో 14వ లూయీ ఆ మతాన్ని నిషేధించాడు. అప్పట్నుంచీ వాళ్ల పెళ్లిళ్లు చట్టం దృష్టిలో పెళ్లిళ్లే కావు. మార్క్ ఆంత్వాన్ న్యాయశాస్త్రం చదివాడు. కానీ వకీలు కావాలంటే క్యాథలిక్కునని ధ్రువపత్రం తేవాలి. అది దొరకలేదు. మనిషి దిగులులో కూరుకుపోయాడు. అతను ఉరేసుకున్నాడన్నది కుటుంబం చెప్పిన మాట.

అయితే ఆ మాట మొదటే చెప్పలేదు, అక్కడే వచ్చింది చిక్కు. ఆ రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని నడివీధిలో ఈడ్చుకెళ్లేవాళ్లు. ఆ అవమానం తప్పించాలని, ఎవరో చంపారని మొదట బొంకారు. తర్వాత నిజం చెప్పినా నమ్మిందెవరు? మతం మారతాడని రుజువే లేని ఆ కుర్రాణ్ని క్యాథలిక్ అమరవీరుడిగా ఊరేగించి మరీ ఖననం చేశారు. విచారణ మొదలుకాకముందే తీర్పు వచ్చేసినట్టే!

విచారణ తీరూ అంతే. తెలిసినా, విన్నా వచ్చి చెప్పండంటూ చర్చిల్లో ప్రకటన చదివారు. ఎవరో అంటుంటే ఇంకెవరో విన్న మాటలు కూడా లెక్కలోకొచ్చాయి. పావు సాక్ష్యం, అరపావు సాక్ష్యం అంటూ వాటిని కలిపి కూడారు. నాలుగు పుకార్లు కలిస్తే ఒక నిజం! పదమూడు మంది న్యాయమూర్తుల్లో ఎనిమిది మంది మరణశిక్ష వేశారు. 1762 మార్చి 10న ఆ ముసలి తండ్రిని చిత్రహింసలు పెట్టి, చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టారు. రెండు గంటల తర్వాత గొంతు నులిమి చంపి, శవాన్ని కాల్చేశారు. చివరిదాకా ఆయన ఒకటే మాట... నేను నిర్దోషిని.

జోకేసినవాడే...

ఈ కబురు స్విస్ సరిహద్దులోని ఫెర్నీకి చేరింది. అక్కడున్నది వోల్టేర్. నాటకకర్త, కవి, 'కాండిడ్' నవలతో యూరప్‌ను నవ్వించిన రచయిత. బోలెడు ఆస్తిపరుడు కూడా. అప్పటికి 67 ఏళ్లు. వార్త విని మొదట ఆయన చేసిన పని... ప్రొటెస్టెంట్ల మతమౌఢ్యం మీద ఓ జోకేయడం! తండ్రే చంపి ఉంటాడని అనుకున్నాడు మరి.

అయితే అనుమానం తొలిచింది. జెనీవాలో ఉంటున్న కలాస్ మరో కొడుకుని పిలిపించి మాట్లాడాడు. నెలల తరబడి ఆరా తీశాడు. ఆపైన ఆయన లేవనెత్తిన ప్రశ్నలు చాలా మామూలువి. అరవై దాటిన మనిషి, కండబలమున్న 28 ఏళ్ల కొడుకుని ఒంటరిగా ఉరితీయగలడా? అంతా కలిసి చంపారంటే, ఆ ఇంటి పనిమనిషి క్యాథలిక్కాయె. ఆవిడా చేయివేసిందా? కలిసే చంపుంటే తండ్రికొక్కడికే మరణశిక్ష ఎందుకు? మతం మారాడని చంపేవాడైతే, అంతకుముందే క్యాథలిక్కయిన ఇంకో కొడుకు ఎలా బతికున్నాడు?

హేతువాదమంటే ఇదే. అప్పటిదాకా అది పండితుల గ్రంథాల్లో ఉంది. మాంటెస్క్యూ 1748లోనే చట్టాల స్వభావం మీద పెద్ద పుస్తకం రాశాడు. డిడెరో బృందం విజ్ఞాన సర్వస్వాన్ని సంపుటాల కొద్దీ తెస్తోంది. వోల్టేర్ దారి వేరు. పెద్ద పుస్తకాలు లోకాన్ని కదిలించవు, జేబులో పట్టే చౌక పుస్తకాలే ఆ పని చేస్తాయన్నది ఆయన నమ్మకం. కరపత్రాలు, ఉత్తరాలు కుప్పతెప్పలుగా రాశాడు. 1763లో మతసహనంపై పుస్తకం తెచ్చాడు. కలాస్ కుటుంబం బొమ్మను అచ్చేసి చందాలు పోగుచేశారు. రహస్యంగా ముగిసిన ఓ కేసు యూరప్ అంతటా ఇంటింటి చర్చయింది. ప్రజాభిప్రాయమనే కొత్త న్యాయస్థానం పుట్టింది.

1764లో రాజుగారి మండలి టులూజ్ తీర్పును కొట్టేసింది. శిక్ష పడి సరిగ్గా మూడేళ్లకు, 1765 మార్చి 9న కలాస్ నిర్దోషి అని తేల్చింది. రాజు ఆ కుటుంబానికి 36 వేల లీవర్లిచ్చాడు. టులూజ్ న్యాయమూర్తులు మాత్రం తప్పు ఒప్పుకోలేదు.

రాజులూ చదివారు

కాలం కలిసొచ్చింది. 1764లోనే ఇటలీలో బెకారియా అనే పాతికేళ్ల కుర్రాడు నేరాలు, శిక్షల మీద చిన్న పుస్తకం రాశాడు. చిత్రహింస పెడితే బలమున్న దోషి బయటపడతాడు, బలం లేని నిర్దోషి నేరం ఒప్పుకుంటాడన్నది అతని వాదన. దానికి వోల్టేర్ వ్యాఖ్యానం రాశాడు. రష్యా రాణి కేథరీన్ 1767లో కొత్త చట్టాల కోసం రాసిన సూచనల్లో మాంటెస్క్యూ, బెకారియాల మాటలే ఎక్కువ. ఇటలీలోని టస్కనీ 1786లో మరణశిక్షనే రద్దు చేసింది. ఫ్రాన్స్‌లో నేరం ఒప్పించడానికి పెట్టే చిత్రహింస 1780లో పోయింది. 1787లో ప్రొటెస్టెంట్ల పెళ్లిళ్లకు గుర్తింపొచ్చింది. రెండేళ్లకు విప్లవం, మానవ హక్కుల ప్రకటన.

అలాగని అంతా వెలుగే కాదు. కేథరీన్ వోల్టేర్‌కి ముచ్చటగా ఉత్తరాలు రాస్తూనే, రైతుల్ని వెట్టిలోనే ఉంచింది. సహనం బోధించిన వోల్టేర్ యూదుల గురించి రాసినవి చదివితే ఒళ్లు మండుతుంది. కలాస్ గెలిచిన మరుసటి ఏడాదే, 1766లో, ఊరేగింపుకి టోపీ తీయలేదన్నది ఒక నేరంగా లా బార్ అనే యువకుడి తల నరికారు. శవంతోపాటు వోల్టేర్ 'తాత్విక నిఘంటువు'నూ మంటల్లో వేశారు.

అదే ఏడాది ఇంకో తల తెగింది. ఆ పేరు మనకు కొత్తకాదు... కౌంట్ లాలీ! బొబ్బిలి యుద్ధం నాటి బుస్సీని 1758లో దక్కను నుంచి వెనక్కి పిలిపించిన ఫ్రెంచి సేనాని. బుస్సీ వెళ్లాక కోస్తా జిల్లాలు ఫ్రెంచివారి చేజారాయి. 1761లో పాండిచ్చేరీ కూడా పోయింది. ఓటమికి ఎవరో ఒకరు బలికావాలి కదా, లాలీ దేశద్రోహి అన్నారు. చేతకానివాడైతే కావచ్చు, ద్రోహి మాత్రం కాడన్నాడు వోల్టేర్. లాలీ కొడుకు పక్షాన మళ్లీ కలం పట్టాడు. ఈసారి పన్నెండేళ్లు పట్టింది. 1778 మే 26న ఆ తీర్పు రద్దయిందని కబురొచ్చేసరికి, 83 ఏళ్ల వోల్టేర్ ప్యారిస్‌లో మరణశయ్య మీదున్నాడు. ఆ స్థితిలోనే లాలీ కొడుక్కి నాలుగు ముక్కలు రాయించాడు. అదే ఆయన ఆఖరి ఉత్తరం. నాలుగు రోజులకు కన్నుమూశాడు.