జీపు ముందు కమాన్లు కూర్చుంటే


సంత రోజున పదిమంది ఎక్కాల్సిన జీపులో ఇరవైమంది ఎక్కుతారు, బానెట్ మీద కూడా! ఆ బరువంతా మోసేది కమాన్ కట్టలే. పాత మహీంద్రా జీపుకు ముందూ వెనకా పట్టీల కమాన్లు. ఇప్పటి బొలెరోకు మాత్రం ముందు చుట్ట స్ప్రింగులు.

ఉక్కు కదా, ఎందుకు కూర్చుంటుంది? సైన్సు ల్యాబులో స్ప్రింగును మరీ లాగితే పాత పొడవుకు రాదు చూడండి, అలాగే ఏళ్ల తరబడి ఎక్కువ బరువుకు కమాన్ కూడా పాత వంపుకు తిరిగి రాకుండా వంగిపోతుంది.

టైర్లలో గాలి సమంగా పెట్టి, ఖాళీ బండిని చదును నేల మీద ఆపాలి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలవాలి. ఒక పక్క బాగా తక్కువొస్తే ముందు ఆ కమాన్నే అనుమానించాలి. రెండూ కూర్చుంటే తేడా తెలీదు. అప్పుడు చిన్న గుంతకే దడేల్మని రబ్బరు బంపుకు కొట్టుకోవడం గుర్తు. పట్టీల్లో పగుళ్లు కూడా వెతకాలి. అసలు ప్రమాదం సెంటర్ బోల్టు తెగడం. యాక్సిల్ జరిగి బండి పక్కకు లాగుతుంది. ఘాట్‌రోడ్డులో లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మారిస్తే రెండు పక్కలా జతగా మార్చాలి. కొందరు డ్రైవరన్నలు పట్టీ ఒకటి ఎక్కువ వేయిస్తారు. బరువు మోస్తుంది గానీ ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. నా మటుకు కంపెనీ ఇచ్చినన్నే మేలు.

జాకీని నమ్మి కిందికి దూరకూడదు, ఛాసిస్ కింద స్టాండ్లుండాలి. చుట్ట స్ప్రింగైతే నొక్కిపట్టే పనిముట్టు లేకుండా విప్పకూడదు, తూటాలా ఎగురుతుంది. రబ్బరు బుష్షుల బోల్టులు బండి చక్రాల మీద దిగాకే గట్టిగా బిగించాలి. యూ బోల్టులు కొత్తవి వేసి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించాలి.