శరగతియందు స్థితిస్థాపక సంస్కారము

సంస్కారము వేగము, భావన, స్థితిస్థాపకము అని త్రివిధమని తార్కికుల సిద్ధాంతము. వంచిన వస్తువును మరల పూర్వస్థితికి తెచ్చునది స్థితిస్థాపకము. తర్కసంగ్రహమున అన్నంభట్టు దీనికి చాపను ఉదాహరించెను. ప్రశస్తపాదుడు ధనుస్సు, శాఖ, శృంగము, దంతము, అస్థి, సూత్రము మున్నగువానిని పేర్కొనెను. పాఠమున చాప దృష్టాంతమే ప్రసిద్ధము. కాని ఈ గుణము యొక్క ప్రయోజనము స్ఫుటముగా గోచరించునది ధనుర్విద్యయందే.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్ష ప్రకరణము తాళము, చాపమను వెదురు, దారువు, శృంగము అను నాలుగింటిని ధనుర్ద్రవ్యములుగా చెప్పుచున్నది. వింటిని లాగినపుడు దాని వెలుపలి పార్శ్వము సాగును, విలుకాని వైపునున్న పార్శ్వము అణగును. సాగుటకు స్నాయువు, అణగుటకు కొమ్ము మిక్కిలి ఓర్చును. అందుచే పలుదేశముల శృంగధనుస్సులలో కఱ్ఱకు వెలుపల స్నాయువును, లోపల కొమ్మును అతికించిరి. పొట్టిదయ్యు అట్టి విల్లు అధికశక్తిని నిలుపుకొనును.

నారికి కావలసినది దీనికి విపరీతము. అది సాగినచో వింటి శక్తిలో కొంత వ్యర్థమగును. కౌటిల్యుడు చెప్పిన నారిద్రవ్యములలో మూర్వ మొదటిది. తెలుగున దీనిని చాగ యందురు. మనువు క్షత్రియునకు విధించిన మేఖలయు మూర్వతో చేసిన నారియే.

ఇక బాణము. నోదనముచే శరమునకు తొలికర్మయు, తజ్జన్య సంస్కారముచే ఉత్తరకర్మయు కలుగునని కణాదుని మతము. ఇచ్చట సంస్కారమనగా వేగము. కాని శరమున స్థితిస్థాపకమును కలదు. శరమును వింటి ప్రక్కన నిలుపుదురు. నారి మాత్రము వింటి నడిమికి మరలును. బాణము బిఱుసైనదైనచో వింటికి ఒరసికొని ప్రక్కకు పోవలెను. వాస్తవమున, నారి వ్రేళ్లనుండి జారి పుంఖమును నెట్టగనే కాండము వంగును, మరల ఎదురువైపునకు వంగును. ఇట్లు కంపించుచు వింటిని తప్పించుకొని లక్ష్యమునకు సాగును. 1930 దశకమున అమెరికాలో హిక్‌మన్ అను శాస్త్రజ్ఞుడు అతివేగ ఛాయాచిత్రములతో ఈ వంపును ప్రత్యక్షముగా చూపెను.

ఈ నమ్యత మితముగా ఉండవలెను. ఎడమచేత విల్లు పట్టి, బాణమును వింటికి ఎడమవైపున నిలిపి, మూడు వ్రేళ్లతో లాగు విలుకాని శరము మిక్కిలి బిఱుసైనచో ఎడమకును, మిక్కిలి మెత్తనైనచో కుడికిని తప్పును. నేడు దీనిని కొలుచు విధానము సులభము. 28 అంగుళముల దూరమున రెండు ఆధారములపై బాణమునుంచి నడుమ 880 గ్రాముల బరువు వ్రేలాడదీయుదురు. అది అర అంగుళము వంగినచో 500 సంఖ్య. సంఖ్య తగ్గినకొలది బిఱుసుదనము హెచ్చు. కాండము పొడవైనను, ములికి బరువైనను వంపు అధికమగును. బలమైన వింటికి బిఱుసైన బాణము కావలెను. కప్పీలుగల కాంపౌండు వింటి నారిని వ్రేళ్లకు బదులు సాధనముతో విడుతురు గనుక ప్రక్కవంపు స్వల్పము. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణములు గెలిచినది ఈ రకపు వింటితోనే.

వసిష్ఠుని పేర వ్యవహరింపబడు ధనుర్వేదసంహిత ముందు లావైనది స్త్రీబాణమనియు, వెనుక లావైనది పుంబాణమనియు, సమమైనది నపుంసకమనియు చెప్పి, వరుసగా దూరపాతము, దృఢభేదనము, లక్ష్యసాధనము వాని ప్రయోజనములని నిర్ణయించినది. దీనినిబట్టి ప్రాచీనులు నమ్యతను అంకెలతో కొలిచిరనుట సాహసము. కాండమందలి స్థూలతాభేదము ప్రయోజనభేదమునకు హేతువని వారెఱుగుదురనుట మాత్రము యుక్తము.

కావున మార్దవము దోషము కాదు, బిఱుసుదనము గుణము కాదు. విల్లు వంగి పూర్తిగా మరలవలెను, నారి సాగరాదు, శరము వింటికి తగినంత వంగవలెను. వెదురు పుల్లయు చిన్న బరువును ఉన్నచో తర్కపాఠమున స్థితిస్థాపకమును విద్యార్థికి కన్నులయెదుట చూపవచ్చును.