కూలి లేని పని... కూడు, గూడుతో పాటు విద్య

విమానం టికెట్టు సొంత డబ్బుతో కొనుక్కుని, పరాయి దేశపు పల్లెలో పైసా కూలి లేకుండా పొలం పని చేసే యువతీయువకులున్నారు. వారికి దక్కేది తిండి, పడక, ఆపై సాగు విద్య.

ఇంగ్లండ్‌లో 1971లో స్యూ కాపర్డ్ అనే లండన్ ఉద్యోగిని ఈ పద్ధతికి నాంది పలికారు. తొలిసారి ససెక్స్‌లోని ఒక సేంద్రియ క్షేత్రానికి వెళ్లింది నలుగురే. 'వూఫ్' పేరుతో అది నేడు వందకు పైగా దేశాలకు పాకింది.

పర్మాకల్చర్ క్షేత్రాలకూ ఇలా వెళుతున్నారు. అడవిలో మాదిరి చెట్లు, పైర్లు, జీవాలు ఒకదానికొకటి ఆసరాగా ఉండే సాగు ఇది. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో దీనికి పుస్తకరూపమిచ్చారు. పని రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు. కలుపు తీయాలి, ఎరువు కుప్ప తిరగేయాలి, వాలుకు అడ్డంగా కందకాలు తవ్వాలి, మొక్కల మొదళ్లకు ఆకులు, గడ్డి కప్పాలి.

వెళ్లదలచినవారు ఒకటి గమనించాలి. ఇది సంపాదన కాదు. జీతం వస్తుందనే దళారుల మాట నమ్మి అప్పు చేయరాదు. తిండి, బస కోసం చేసినా న్యూజిలాండ్ వంటి దేశంలో అది ఉద్యోగం కిందే లెక్క. పని చేసేందుకు అనుమతించే వీసా ఉండాలి.

ఈ విద్యకు పాస్‌పోర్టు తప్పనిసరేమీ కాదు. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో అరణ్య సంస్థ క్షేత్రం ఉంది. 2017లో పలు దేశాల పర్మాకల్చర్ సాగుదారులు అక్కడికే వచ్చి సమావేశమయ్యారు.