జీపును ఎంత ఎత్తు లేపాలి?

వరంగల్ హైవే మీద నారపల్లి దాటి అన్నోజిగూడ దగ్గర రోడ్డు దిగితే చాలు, నేల మారిపోతుంది. కొంతదూరం ఎర్రటి మొరం. మధ్యమధ్య భూమిని చీల్చుకొచ్చినట్టు గ్రానైటు బండలు. ఈ చుట్టుపక్కల చెరువు శిఖాల్లోకి వెళ్తే వాన పడ్డాక కాలు వదలని నల్లటి బంకమట్టి. పాత జీపుకు టైర్లు ఎంచుకునేవాడికి ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు.

మా షెడ్డులో ఉన్నది 1960ల నాటి మహీంద్రా సీజే-3బీ. మొదటిసారి దాన్ని చూడగానే మెకానిక్ అన్న మాట: "నాలుగించులు లేపుదమా సార్? పెద్ద టైర్లేస్తే మస్తుగుంటది." పాత జీపున్న ప్రతివాళ్లకూ ఎదురయ్యే మాటే ఇది. బండలు తగలకుండా పోవాలంటే బండి ఎత్తుగా ఉండాలన్నది వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఏ భాగం ఎత్తుగా ఉండాలి?

జీపు కిందికి వంగి చూడండి. ఇరుసు మీద గుండ్రంగా ఉబ్బి కనిపించేది డిఫరెన్షియల్. బండి మొత్తంలో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది, బండకు ముందుగా తగిలేది అదే. కమాను పట్టీలు పెంచినా, పొడుగు షాకిళ్లు వేసినా, కమాను కట్టను ఇరుసు కింద నుంచి తీసి పైన బిగించినా పైకి లేచేది చాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది, డిఫరెన్షియల్ కూడా అంతే. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ సగమే: టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు ఒక అంగుళం లేస్తుంది. లిఫ్ట్ వల్ల లాభం లేదని కాదు. గట్టు దాటేటప్పుడు బండి నడుం ఆనకుండా ఉంటుంది, పెద్ద టైరు తిరగడానికి చోటు దొరుకుతుంది. అయితే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 80 అంగుళాలే ఉన్న ఈ పొట్టి బండికి నడుం ఆనడం పెద్ద బాధ కాదు.

ఆ లాభానికి చెల్లించే ధర మాత్రం పెద్దది. సీజే-3బీలో కుడి ఎడమ చక్రాల మధ్య దూరం దాదాపు 48 అంగుళాలు. గరిమనాభి నేలకు 24 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. అప్పుడు బండి 45 డిగ్రీలు పక్కకు ఒరిగితే గానీ పడదు. నాలుగంగుళాలు లిఫ్ట్ చేస్తే, ఇరుసులూ చక్రాలూ కదలవు కనుక, గరిమనాభి ఓ మూడంగుళాలు లేస్తుందనుకోండి. ఆ 45 కాస్తా 42 లోపుకు దిగుతుంది. ఇది కదలకుండా నిలబడ్డ బండి లెక్క. ఏటవాలులో ఒక చక్రం బండ ఎక్కి, రెండోది గుంతలో దిగినప్పుడు ఆ మూడు నాలుగు డిగ్రీలే ప్రాణం.

ఇంకో చిక్కు ప్రొపెల్లర్ షాఫ్టుది. బండి లేచే కొద్దీ ఆ పొట్టి షాఫ్టు మరీ ఏటవాలుగా నిలుస్తుంది. దాని చివరల ఉండే క్రాస్ జాయింటుకు ఒక గుణం ఉంది: వంపులో తిరిగేటప్పుడు ఇటువైపు వేగం నిలకడగా ఉన్నా అటువైపు వేగం చుట్టుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వంపు 10 డిగ్రీలైతే ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలైతే ఆరు శాతం. అంటే వంపు రెట్టింపైతే కుదుపు నాలుగింతలు. రెండు చివరలా ఒకే వంపు ఉంటే ఒకదాని తేడాను రెండోది సరిచేస్తుంది. అడ్డదిడ్డంగా లేపిన జీపులో ఆ పొత్తు చెడుతుంది, క్రాసులు ఊరికే పోతుంటాయి.

అందుకే నేను కమాన్లను లేపించలేదు, విప్పించాను. అరవయ్యేళ్ల తుప్పుతో పట్టీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే ఇనుప దిమ్మలా ఉన్నాయి. తుప్పు గీకి, కుంగిన వంపును మళ్లీ తెప్పించి, గ్రీజు పూసి బిగిస్తే పోయిన ఎత్తు తిరిగొచ్చింది. అంతకంటే ముఖ్యంగా, పట్టీలు ఒకదానిమీద ఒకటి జారుతూ చక్రాన్ని గుంతలోకి దిగనిచ్చాయి. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. ఒక చక్రం గాల్లో లేచిందంటే, దానికి ఎంత తక్కువ బలం సరిపోతుందో నేలమీద ఉన్నదానికీ అంతే అందుతుంది. బండి అక్కడే ఆగిపోతుంది. బండల మీద కావలసింది నాలుగు చక్రాలూ నేలను వదలకపోవడం. పట్టీలు అదనంగా వేసి బిగుసుకుపోయిన కమాను ఆ పని చెయ్యలేదు.

ఇక టైరు. ఈ జీపుతో వచ్చిన పాత కొలత 6.00-16, వ్యాసం 28 అంగుళాల పైచిలుకు, వెడల్పు ఆరంగుళాలే. ఎత్తుగా, సన్నగా. మన ఎడ్లబండి చక్రమూ అంతే కదా! రేగడిలో సన్న చక్రం పైబురదను కోసుకుంటూ అడుగున ఉన్న గట్టినేలను అందుకుంటుంది. అడుగున గట్టినేల లేని లోతు బురదలో మాత్రం ఈ సూత్రం పారదు, అక్కడ వెడల్పే గెలుస్తుంది. బంకమట్టికి బటన్లు ఎడంగా ఉన్న టైరు కావాలి, లేదంటే మట్టి సందుల్లో నిండి టైరు నున్నటి డ్రమ్మైపోతుంది. మొరానికీ తారురోడ్డుకీ అంత ఎడం అక్కర్లేదు.

28 అంగుళాల చోట 31 వేస్తే? ప్రతి చుట్టూ 10 శాతానికి పైగా పెరుగుతుంది. ఇంజన్‌కు గేర్లు అంతమేర బరువవుతాయి. స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 66లో పోతుంటుంది. ఆ చిన్న డ్రమ్ము బ్రేకులు పెద్ద చక్రాన్ని ఆపడానికి అంతే ఎక్కువ కష్టపడాలి. రేడియల్ కావాలనుకుంటే 205/80 ఆర్16 లెక్క చూడండి: 205లో 80 శాతం 164, దాన్ని రెండుతో హెచ్చించి రిమ్ముకు 406 కలిపితే 734 మిల్లీమీటర్లు, అంటే 29 అంగుళాలు. పాతదానికి దాదాపు సమానం. కొనేముందు టైరు పక్కగోడ మీది నాలుగంకెల తేదీ చదవండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అరుదుగా తీసే బండికి టైరు అరిగి పోదు, ఎండకూ గాలికీ రబ్బరు పగిలి పోతుంది.

చట్టమూ ఈ మితాన్నే కోరుతుంది. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు పొందాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి.

పైసా ఖర్చులేని మార్పు ఒకటుంది: గాలి. మనుషులతో కలిపి 1,200 కిలోల జీపులో ఒక్కో చక్రం మీద 300 కిలోలు పడతాయి. 30 పాయింట్ల గాలి ఉంటే టైరు నేలను తాకే చోటు సుమారు 140 చదరపు సెంటీమీటర్లు, వేళ్లతో సహా మన చెయ్యంత. గాలి 15కు దించితే అది రెట్టింపవుతుంది. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కనుక లెక్క అచ్చంగా ఇలాగే రాదు గానీ, తేడా మాత్రం బండ ఎక్కేటప్పుడు స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. మెత్తబడ్డ రబ్బరు రాతి గరుకును అంటిపట్టుకుంటుంది. అయితే అదే గాలితో హైవే ఎక్కితే టైరు గోడ చుట్టుచుట్టుకూ నలిగి వేడెక్కి పేలగలదు. అందుకే తిరిగొచ్చేటప్పుడు అన్నోజిగూడలో రోడ్డెక్కకముందే బండి ఆపి, నాలుగు చక్రాలకూ గాలి కొట్టించుకుని, స్టెప్నీ కూడా చూపించుకుని ఉప్పల్ వైపు తిరుగుతాను.