దండం పెడుతూనే... కారణం అడుగుదాం!

"జేజీ, ఈ నీళ్లు యాడ్నుంచి వస్తాండాయి?"

"సామి దయ మ్మే! బసవన్న నోట్లోనించి పడతాండాయి చూడు."

"అది కాదు జేజీ, కొండలో ఇంకిన వాన నీళ్లంట. మా టీచరు చెప్పింది."

"చాల్లే! సామి దగ్గర అట్ల మాట్లాడకూడదు."

కార్తీకమాసంలో యాగంటి కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఇలాంటి మాటలు వినబడడం వింతేమీ కాదు. ప్రశ్న వేసిన మనవరాలు బిక్కమొహం వేస్తుంది. అవ్వ కళ్లు మూసుకుని మూడు మునకలు వేస్తుంది. మధ్యలో నలిగిపోయేది అమ్మ! అత్తగారి మాట కాదనలేదు, కూతురి చదువు తప్పనలేదు. చాలా ఇళ్లలో మన పరిస్థితీ ఇదే కదూ!

ఇంతకీ ఇద్దరిలో ఎవరిది నిజం?

వంటింటి బండే పాఠం

జవాబు కోసం లావుపాటి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. మీ వంటగట్టు మీద నల్లటి కడప బండ ఉందా? దానిమీద నిమ్మచెక్క పిండి అలాగే వదిలేసి చూడండి. కాసేపటికి అక్కడ పాలిపోయిన మచ్చ కనబడుతుంది. ఎంత తోమినా పోదు. ఎందుకంటే అది మరక కాదు, నిమ్మరసంలోని ఆమ్లం రాయిని కొద్దిగా తినేసింది! కడప బండ అంటే సున్నపురాయే మరి.

వాన నీళ్లు కూడా గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని చాలా పల్చటి ఆమ్లంగా మారతాయి. అవి లక్షల ఏళ్లపాటు సున్నపురాయి పగుళ్లలో పారితే ఏమవుతుంది? కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలవుతాయి! 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి సంగతి నమోదు చేశాడు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలికి దిగి వివరంగా పరిశీలించింది. 2002లో వీటిని సందర్శకుల కోసం తెరిచారు. పొడవు మూడు కిలోమీటర్ల పైమాటే.

ఆ గుహలో 'కోటిలింగాలు' అనే చోట పైనుంచి వందల లింగాలు వేలాడుతున్నట్టే ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుందే... అదే సున్నం చుక్క చుక్కగా జారే నీళ్లలోంచి పేరుకుని ఈ రూపాలు వచ్చాయి. ఈ సంగతి తెలిశాక అక్కడ చేతులు జోడించాలనిపించదా? ఒక్కో చుక్కా అన్నేళ్లు చేసిన పని అని తెలిస్తే మరింత వినయంగా జోడించాలనిపిస్తుంది.

కొండ కడుపులో వాన

కోనేటి సంగతీ అంతే. ఎర్రమల కొండల్లోని యాగంటి, నల్లమల అంచున ఉన్న మహానంది ఈ మధ్య 2022లో నంద్యాల జిల్లాలోకి వచ్చాయి గానీ, మనకు అలవాటుగా కర్నూలు క్షేత్రాలే. చుట్టూ ఎండలు మండే సీమ. అయినా మహానంది కోనేటి అడుగున పడిన రూపాయి బిళ్ల కూడా కనబడేంత తేటగా నీళ్లు ఊరుతూనే ఉంటాయి. పొర్లిన నీళ్లు చుట్టుపక్కల అరటి తోటలకు పోతాయి.

కొండ మీద పడిన వాన చెట్ల వేళ్ల వెంట, రాతి పగుళ్ల వెంట మెల్లగా ఇంకి, కింద దారి దొరికిన చోట ఊటై పైకి వస్తుంది. మనవరాలు చెప్పింది ఇదే. బిందెడు నీళ్ల కోసం మైళ్లు నడిచిన అవ్వకు ఎండాకాలంలోనూ ఆగని ఊట కనబడితే, అది దయ కాక మరేమిటి? ఆమె చెప్పింది అది. ఒకరు దారి చెప్పారు, మరొకరు విలువ చెప్పారు. ఇందులో తగవెక్కడిది?

పైగా ఈ రెండూ కలిస్తేనే ఊటకు రక్ష. కొండ మీద అడవి పోతే వాన ఇంకదు, జారిపోతుంది. చుట్టూ బోర్లు పెరిగితే ఊట సన్నబడుతుంది. కోనేటికి దండం పెట్టి, పైన చెట్టు కొట్టేస్తుంటే చూస్తూ ఊరుకుంటే ఆ దండానికి అర్థమేముంది?

కొలిస్తే తప్పా?

అలాగని ప్రతి మాటనూ కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు. యాగంటి బసవన్న ఇరవై ఏళ్లకో అంగుళం పెరుగుతాడని చెప్పుకుంటారు. కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని కడప జిల్లా కందిమల్లాయపల్లెలో సమాధి అయిన బ్రహ్మంగారు చెప్పారని నమ్మకం. రంకె సంగతి విశ్వాసానికి వదిలేద్దాం. కానీ అంగుళం అన్నాక టేపుకు పనుంది! ఎవరైనా పద్ధతిగా కొలిచి, తేదీ వేసి రాసిపెడితే ఇరవై ఏళ్లకు తేలిపోతుంది. పెరిగితే ఎందుకో వెతుకుదాం. పెరగకపోతే మాత్రం బసవన్న తక్కువవుతాడా?

ఇంకో మాట. తేటగా ఉన్నాయని కోనేటి నీళ్లు పిల్లల చేత తాగించకండి. కంటికి కనబడని క్రిములు దేవుడి కోనేరని ఆగవు. తీర్థం తలమీద చల్లుకోండి, తాగడానికి కాచి చల్లార్చిన నీళ్లే పట్టండి. జ్వరమొస్తే మొక్కు మొక్కుకోండి, కానీ ముందు బిడ్డను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ఇక్కడ మాత్రం మొహమాటం పనికిరాదు.

ఈసారి మీ పాప గుళ్లో "ఎందుకు?" అని అడిగితే నోరు నొక్కకండి. "కోనేటికి దండం పెట్టుకో తల్లీ. తర్వాత ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో జేజికి నువ్వే చెప్పు. ఈ నీళ్లు లేనప్పుడు ఎలా బతికారో జేజిని అడుగు" అనండి. ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకుంటారు, చూడండి!