చెట్టెక్కకుండ కొమ్మకు మోకు వేయు విధము

ఇంటిమీదికి వాలిన వేపచెట్టునో, పశువుల కొట్టము ప్రక్కన ఎండిన చింతచెట్టునో పడగొట్టవలసి వచ్చినపుడు మన గ్రామములలో మొదట చేయు పని, చురుకైన పడుచువాని నొకనిని మోకు భుజమున వేసి చెట్టెక్కించుట. ఎండినచెట్టు కొమ్మ వెలుపల గట్టిగా కనబడినను లోపల చెదలు తినియుండవచ్చును. కొమ్మ విరిగి 25 అడుగుల ఎత్తునుండి పడినవాడు బ్రదికినను మరల మడక పట్టగలడని చెప్పలేము. గీతపనివారు తాడి నెక్కుచుండుటలేదా యందురు. వారిది నిత్యాభ్యాసము, పచ్చనితాడి వేరు, పుచ్చినచింత వేరు. పైకి పోవలసినది మోకేగాని మనిషి కాదు.

నెల్లూరు జిల్లాకు తుఫానులు హెచ్చుగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చును. నేల నాని వేరుపట్టు సడలకమునుపే ఈ పని ముగించుకొనుట మేలు. 2002వ సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టము, అనగా వాల్టా చట్టము, ననుసరించి కావలసిన అనుమతి ముందుగా పొందవలెను. అనంతసాగరము చెరువుకట్ట వంటి చోట్లనున్న చెట్లు మన సొంతము కావని వేరుగ చెప్పనక్కరలేదు.

మోకు ఎత్తున నుండవలయు ననుటకు కారణము గడ్డపార పట్టినవారికెల్ల తెలిసినదే. పిడి ఎంత పొడవైన బలమంత హెచ్చు. 12 అడుగులవద్ద కట్టి లాగుటకంటె 24 అడుగులవద్ద కట్టి లాగిన రెండింతలు పనిచేయును. అట్లని చిటారుకొమ్మకు వేయరాదు. అది విరిగి లాగువారిమీదికే వచ్చును. చెట్టు ఎత్తులో సుమారు మూడింట రెండుపాళ్లవద్ద, మ్రానును అంటియున్న బలమైన పంగను ఎంచుకొనవలెను. తేనెపట్టుగాని కందిరీగల తుట్టెగాని ఉన్నదేమో అపుడే చూచుకొనవలెను. విద్యుత్తీగ దాపుననున్న చెట్టుజోలికి పోక విద్యుచ్ఛాఖవారికి తెలుపవలెను.

సన్నని నున్నని నైలాను త్రాడు 120 అడుగులు, ఒక బరువు, ఇవి చాలును. పాశ్చాత్యదేశములందు చెట్లు నరకు వృత్తివారు సీసపు గుండ్లు నించిన చిన్నసంచిని వాడుదురు. మనము గట్టిగుడ్డతో పొడవుగా సన్నగా సంచి కుట్టి, 350 గ్రాముల ఇసుక నించి మూతి బిగించిన సరిపోవును. రాయి కట్టరాదు, ముడి జారి ఎవరి తలనో పగులగొట్టును. త్రాటిని నేలపై పోసిన గడ్డికి పుల్లలకు చిక్కుకొనును గనుక వెడల్పైన గంపలో వరుసగా జారవిడువవలెను. పిమ్మట కాళ్లు ఎడముగా నిలిచి, సంచిని రెండుచేతుల నడుమ ఉయ్యెలవలె నాలుగైదు మారులు ఊపి, ముందునకు పైకి వదలవలెను. వడిసెలతో జొన్నచేల పిట్టలు తోలినవారికి దానితోనే విసరవలెనని తోచును గాని త్రాడు చుట్టుకొని పని చెడును. మొదటి విసరునకే పంగ దొరకదు. పది విసురులు పట్టినను చెట్టెక్కుటకంటె త్వరగానే యగును. పంగ తక్కువ ఎత్తుననున్న విసరుటయే అక్కరలేదు, చింతకాయలు కోయు దోటితో త్రాటిని ఎక్కింపవచ్చును.

సంచి కొమ్మలో చిక్కినపుడు బలముగా గుంజరాదు. అది విడిపడి ముఖమునకే వచ్చును. త్రాడు వదులుచేసి మెల్లగా ఆడింపవలెను. పంగ దాటియు బెరడు గరుకుచే క్రిందికి దిగకున్న మరి 100 గ్రాముల ఇసుక చేర్చవలెను.

సంచి నేలకు దిగినపిదప దానిని విప్పి, ఆ కొనకు బండిమోకు కట్టి రెండవవైపునుండి లాగవలెను. ముడి లావుగానున్న పంగలో ఆగిపోవును గనుక మోకుకొనను ఎలుకతోకవలె సన్నగా చుట్టి కట్టవలెను. మోకు పంగను దాటి దిగివచ్చిన తరువాత, ఆ కొనతో మోకు రెండవపాయ చుట్టును జారని ముడితో వదులైన ఉచ్చు వేసి, ఆ రెండవపాయను లాగినచో ఉచ్చు తానే పైకెక్కి మ్రానును బిగించుకొనును. పాయల నడుమ కొమ్మలడ్డమున్న ఉచ్చు అచ్చటనే నిలిచిపోవును. అట్లైన మోకు దింపి మరల వేయుటయే గతి.

ఇక లాగువారు నిలుచుచోటు. మోకు 25 అడుగుల ఎత్తున నుండగా చెట్టుకు 25 అడుగుల దూరమున నిలిచి లాగిన, నూరుపాళ్ల బలములో చెట్టును వంచునది 70 పాళ్లే. తక్కినది మ్రానును క్రిందికి నొక్కుటలో పోవును. 50 అడుగుల దూరమున 89 పాళ్లు వంచుటకు వచ్చును. ఎట్లైనను చెట్టు పూర్తి ఎత్తునకు ఒకటిన్నర రెట్లకు లోపల ఎవరును ఉండరాదు. వేరొక చెట్టు మొదట గట్టి కప్పీ కట్టి మోకును ప్రక్కకు మరల్చినచో లాగువారు చెట్టు పడు బాట విడిచి నిలువవచ్చును. మోకును చేతికి చుట్టుకొనరాదు. ఎద్దులకు పూన్చుట నాకు సమ్మతము కాదు. అవి ఎపుడు బెదరునో, ఎపుడు ఆగునో ఎరుగము.

పడవలసిన వైపున మ్రాను మందములో నాలుగవవంతు గాటు పెట్టి, మోకు బిగించి, వెనుకనుండి కోయవలెను. నడుమ మందములో పదియవవంతు, అనగా 20 అంగుళముల మ్రానుకు 2 అంగుళములు, కోయక విడువవలెను. అదియే తలుపు బందువలె చెట్టును దారిలో నుంచును. కుదుపక ఒక్కతీరున లాగవలెను. పుచ్చినమ్రానున ఈ బందును నమ్మరాదు. ఇంటివైపునకే మిక్కిలి వాలిన చెట్టును మనుష్యబలముతో త్రిప్పబోక యంత్రముగలవారిని పిలువవలెను.

ఒక్కొక్క రైతు ఇవి కొననక్కరలేదు. సంఘమున ఒక కప్పీ, 150 అడుగుల మోకు, సంచి, సన్నత్రాడు ఉంచిన సభ్యులందరు మార్చి మార్చి వాడుకొనవచ్చును. వాడినపిదప మోకును నీడన ఆరవేసి, తెగినపోగులు చూచి, ఎలుకల కందకుండ దూలమునకు వ్రేలాడదీయవలెను.